అన్నయ్య సమాధికి కొల్లేటి సున్నం

రంగూన్ రేవులో దిగిన రోజున మా సామాన్లన్నిటిలోకీ కస్టమ్స్ ఆయన కన్ను పడింది ఒక్కదాని మీదే. అది మూత చుట్టూ మైనం పూసిన పెద్ద బిస్కెట్ల డబ్బా. మూత తీయించాడు. లోపల తెల్లటి పొడి. చిటికెడు తీసి వాసన చూసి, మావారి మొహంలోకి అదోలా చూశాడు. మావారు కంగారులో "సున్నమండీ" అని తెలుగులోనే చెప్పారు. ఇక లాభం లేదని నేనే ముందుకొచ్చి, ఆకు మడిచి బుగ్గన పెట్టుకున్నట్టు నమిలి చూపించాను. కిళ్ళీ నమలడంలో బర్మావాళ్ళు మనకి తీసిపోరు. ఆయన పకపకా నవ్వి, పక్క బల్ల దగ్గరవాళ్ళని కూడా పిలిచి మరీ డబ్బా చూపించాడు. వీళ్ళెవరో సున్నం కూడా దొరకని దేశానికి వచ్చామనుకుంటున్నారని చెప్పుకొని ఉంటారు.

ఆ సున్నం కిళ్ళీలోకి కాదనీ, ఈ దేశపు మట్టిలో పడుకున్న మా అన్నయ్య సమాధికనీ చెప్పడానికి అప్పటికి నాకు బర్మా మాట ఒక్కటీ రాదు. వచ్చినా చెప్పేదాన్ని కాదు. మా అమ్మ ఇచ్చిన సున్నం గురించి దారిన పోయేవాళ్ళకి సంజాయిషీ ఏమిటి?

మాది మండవల్లి దగ్గర కొల్లేటి గట్టున ఒక పల్లె. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది. ఎండలు ముదిరి కొల్లేరు వెనక్కి జరిగాక, బురదలో దిగబడుతూ గంపలకొద్దీ నత్తగుల్లలు ఏరుకొచ్చేది. ఊకా బొగ్గులూ పరిచి వాటిని కాల్చి, నీళ్ళు చిలకరిస్తే గుల్లలు పొంగి, పొర్లి, పిండిలాగా రాలేవి. చుట్టుపక్కల అమ్మ సున్నానికి పేరుండేది. ఏలూరు బజారు సున్నంలో నీలిమందు కలుపుతారని ఎవరో అంటే, రంగు వేస్తే గానీ తెల్లబడనిది అదేం సున్నమని ఈసడించింది. మా గుడి గోడలకి అమ్మ సున్నమే. మా సమాధులకీ అమ్మ సున్నమే.

సమాధుల సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. మా క్రైస్తవ పల్లెల్లో నవంబరులో సమాధుల పండుగ చేస్తాం. ఎవరి సమాధులు వాళ్ళు గడ్డి పీకి, కడిగి, సున్నం వేసి, సాయంత్రం బంతిపూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తాం. మాకు ఇచ్చిన శ్మశానం ఊళ్ళో అందరికంటే పల్లపు నేల. కొల్లేరు ఉబికిన ఏడాది సమాధులు మునిగిపోయేవి. నీళ్ళు తీశాక చూస్తే నాచూ, నల్లటి చారలూ. అందుకే ఏటేటా సున్నం తప్పదు. మావాళ్ళ లెక్కలో సున్నం పడని సమాధి అంటే దిక్కులేనివాడి సమాధి. అంతకంటే పెద్ద తిట్టు మా పల్లెలో లేదు.

అన్నయ్య పటాలానికి వెళ్ళింది తాడేపల్లిగూడెం నుంచి. యుద్ధం రోజుల్లో అక్కడ విమానాలు దిగడానికి రన్‌వే వేస్తుంటే, కంకర మొయ్యడానికని వెళ్ళాడు. కంకర మోస్తూ మోస్తూ అక్కడి సిపాయిల బూట్లు చూశాడో, వాళ్ళు తినే తిండి చూశాడో గానీ, సైన్యంలో వంతెనలు కట్టే దళంలో చేరిపోయానని కబురు పెట్టాడు. సెలవు మీద ఒక్కసారి వచ్చాడు. ఖాకీ నిక్కరూ, పాలిష్ బూట్లూ వేసుకుని గుడిలో ముందు వరసలో కూర్చుంటే, పాస్టరుగారి ప్రసంగం ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ తరవాత బర్మా పంపారు. యుద్ధం ఇంకేం, అయిపోతోందనగా తంతి వచ్చింది. అక్కడే ఏదో నది మీద వంతెన కడుతుండగా పోయాడని, అక్కడే పాతిపెట్టారని.

అమ్మ అందరి ముందూ ఏడవలేదు. తంతి చదివి చెప్పిన పాస్టరుగారిని ఒకే ఒక మాట అడిగింది.

"ఆ నేల మెరకాండీ, పల్లమాండీ?"

ఆయనకి మాత్రం ఏం తెలుస్తుంది? తెలియదని తల వంచుకున్నారు. ఆ నవంబరులో అమ్మ అందరితో పాటు సున్నం కుండ పట్టుకుని శ్మశానానికి వచ్చింది. నాన్న సమాధికి వేసింది. కుండలో ఇంకా సగం ఉంది. అటూ ఇటూ చూసి ఒక మూలకి నడిచింది. అక్కడ ఎవరో పరదేశి సమాధి. పడవ మీద వచ్చి, మా ఊళ్ళో జ్వరంతో పోతే, ఏ ఊరివాడో తెలియక మా గుడివాళ్ళే పాతిపెట్టారు. అప్పటిదాకా దానికి సున్నం పడలేదు. అమ్మ దాన్ని కడిగి, మిగిలిన సున్నమంతా దానికి వేసి వచ్చింది. ఆ తరవాత ప్రతి ఏడూ అంతే. కొడుకు సమాధికి వెయ్యలేక ఎవరికో వేసుకుంటోందని ఆడవాళ్ళు చాటుగా అనుకునేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

నేను ఏలూరులో చదువుకుని, టీచరు ట్రైనింగయి, తాడేపల్లిగూడెంలో బళ్ళో చేరాను. యుద్ధం అయిపోయాక ఆ రన్‌వే ఖాళీగా పడి ఉండేది. సాయంత్రాలు నేనూ, ఇంకో టీచరమ్మా అక్కడ సైకిలు నేర్చుకున్నాం. ఆడపిల్లలు సైకిలెక్కడమేమిటని గట్టు మీద జనం చేరి చూసేవారు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని ఒకావిడ నాకు వినబడేటట్టే అంది. అనుకోనివ్వండి. మా అన్నయ్య కంకర మోసిన దారి మీద నేను సైకిలు తొక్కుతున్నానని నాకు గొప్పగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

మావారికి రంగూన్‌లో బియ్యం మిల్లు ఆఫీసులో ఉద్యోగం. పెళ్ళయ్యాక నేనూ వెళ్ళాలి. అంత దూరమా అని చుట్టాలందరూ కళ్ళొత్తుకుంటే, అమ్మ మాత్రం మా సామాను పక్కన ఆ డబ్బా పెట్టి, కొబ్బరి పీచుతో తనే కట్టిన కుంచె దాని మీద పెట్టింది.

"వాడికి ఇన్నేళ్ళుగా సున్నం పడలేదే అమ్మాయ్. నీ చేత్తో వెయ్యి. వాడున్నచోట నీళ్ళు నిలబడతన్నాయేమో, నేల తొక్కి చూసి మరీ చెప్పు."

విశాఖలో ఓడెక్కినప్పటి నుంచి ఆ డబ్బా నా కాళ్ళ దగ్గరే ఉంది.

అన్నయ్య ఎక్కడున్నాడో రంగూన్ తెలుగు గుడి పాస్టరుగారు కనుక్కుని చెప్పారు. బర్మాలో అక్కడొకరూ ఇక్కడొకరుగా పాతిపెట్టిన సిపాయిలందరినీ తీసుకొచ్చి, ఊరికి ఉత్తరంగా ప్రోమ్ రోడ్డు మీద ఒకేచోట పెట్టారట. ఇరవై మైళ్ళ పైమాటే. సమాధుల పండుగ దగ్గర పడగానే నేను సైకిళ్ళ మాట ఎత్తాను. మావారు నెమ్మదస్తులు. నెమ్మదిగానే అడ్డం తిరిగారు. ఆ రోడ్డు మీద తిరుగుబాటువాళ్ళ గొడవలున్నాయన్నారు. బస్సులో వెళదామంటారా అంటే, వెళ్ళే బస్సు ఉంటుంది గానీ తిరిగొచ్చే బస్సుకి నమ్మకం లేదని ఆయనే అన్నారు. అయితే సైకిలే గదా అన్నాను. పోనీ ఆ డబ్బా ఎందుకు, పూలు చాలవా అన్నారు. ఆ మాటకి నేను వంటింట్లోకి వెళ్ళి మినప్పప్పు నానబోశాను. దిబ్బరొట్టె అంటే ఆయనకి ప్రాణం. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మినప్పప్పు చేతిలో ఉన్న మొండిదాని సంగతి చెప్పాలా?

తెల్లవారుతూనే బయలుదేరాం. ఆయన సైకిలు వెనక డబ్బా, చిన్న బాల్చీ. నా సైకిలు ముందు బుట్టలో రొట్టె, బంతిపూలు, కుంచె. రంగూన్‌లో ఆడవాళ్ళు సైకిలు తొక్కడం వింతేమీ కాదు, చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి తొక్కడమే వింత. దారి పక్క దుకాణాలవాళ్ళు నవ్వుతూ చేతులూపారు. నేనూ ఊపాను. వానలు వెనకబట్టి గాలి చల్లగా ఉంది. ఊరు దాటాక రెండు వైపులా వరి పండి ఒరిగి ఉంది. కైకలూరు రోడ్డు మీద పోతున్నామేమోనని ఒక్కోసారి భ్రమ కలిగేది. రబ్బరు తోటలు మొదలయ్యేసరికి ఆ భ్రమ పోయింది. మధ్యలో సైనికులు ఆపి డబ్బా తీయించారు. నేను మళ్ళీ కిళ్ళీ నమిలాను. వాళ్ళూ నవ్వారు. మావారు మాత్రం నవ్వలేదు. ఆయన చొక్కా అప్పటికే చెమటతో వీపుకి అతుక్కుపోయి ఉంది.

తీరా చేరాక గేటు దగ్గరే నా కాళ్ళు ఆగిపోయాయి. నా మనసులో ఉన్నదల్లా మా పల్లెలోని శ్మశానమే. దానికంటే కొంచెం పెద్దదిగా ఉంటుందేమో అనుకున్నాను. ఇక్కడ కనుచూపు మేర కత్తిరించిన పచ్చగడ్డి. అందులో మోకాలెత్తు కూడా లేని రాతిదిమ్మలు, వరసలు వరసలుగా. ఒక్కో దిమ్మ మీద ఒక్కో లోహపు పలక. ఒక్కో దిమ్మ పక్కన ఒక్కో పూలమొక్క. ఒకటి ఎత్తూ లేదు, ఒకటి పల్లమూ లేదు. ఇంతమందిలో మావాణ్ణి ఎలా వెతకడం?

కావలాయన వచ్చాడు. నెరిసిన మీసం, నిటారు మనిషి. తనూ ఒకప్పటి సిపాయే. హిందుస్తానీ మాట్లాడతాడు. మావారికి ఆ భాష మిల్లులో హమాలీలతో మాట్లాడేటంత వచ్చు. ఏ దళం అని అడిగాడు, పేరు అడిగాడు, ముందు నడిచాడు. ఒక దిమ్మ దగ్గర ఆగి, మడమలు కలిపి సెల్యూట్ కొట్టి, మమ్మల్ని అక్కడ వదిలి వెళ్ళిపోయాడు.

పలక మీద శిలువ, దాని కింద అన్నయ్య నంబరు, దళం, మా ఇంటిపేరుతో సహా అన్నయ్య పేరు. మా ఇంటిపేరు అంతకు ముందు రాతి మీద గానీ రేకు మీద గానీ ఎక్కడా ఎక్కలేదు. ఊళ్ళో మమ్మల్ని ఇంటిపేరు పెట్టి పిలిచినవాళ్ళే తక్కువ. కుడి పక్కన చూస్తే ఎవరో ఇంగ్లీషు కెప్టెను. ఎడమ పక్కన ఇంకో ఇంగ్లీషు కుర్రాడు, పందొమ్మిదేళ్ళవాడు. మూడు దిమ్మలూ ఒకే కొలత. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. వచ్చింది, కానీ ముందు వచ్చింది గర్వం. కెప్టెను పక్కన మా అన్నయ్య సమానంగా పడుకున్నాడన్న గర్వంతోటే ఏడ్చాను. మావారు వెనక్కి తిరిగి నిలబడ్డారు. ఆయన కూడా కళ్ళు తుడుచుకుంటున్నారని భుజాలు చూస్తే తెలిసింది.

ప్రార్థన చేసి, పూలు పరిచాం. ఆయన్ని కుళాయి దగ్గరికి పంపి బాల్చీతో నీళ్ళు తెప్పించాను. అమ్మ సున్నం ఇన్నాళ్ళు మూత కింద ఉన్నా ఏమీ చెడలేదు. చిక్కగా కలిపి, కుంచె ముంచి, ప్రభువా అనుకుని దిమ్మ పక్కభాగం మీద ఒక్క చార వేశాను. రెండోది పడకముందే కేక వినిపించింది.

కావలాయన వరసల మధ్య పరిగెత్తుకొస్తున్నాడు. వస్తూనే భుజం మీది తువ్వాలు బాల్చీ పక్కన ఒలికిన నీళ్ళలో తడిపి, నా సున్నాన్ని ఆరకముందే తుడిచేశాడు. తుడుస్తూ ఊపిరి తిప్పుకోకుండా ఏదో చెప్పాడు.

"వద్దంటున్నాడు" అన్నారు మావారు.

"అంతసేపు మాట్లాడింది ఆ ఒక్క ముక్కేనాండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అన్నయ్య సమాధికి మా అమ్మ పంపిన సున్నం వెయ్యడానికి మధ్యన ఈయనెవరు? సముద్రం దాటించి తెచ్చాను. ఇరవై మైళ్ళు తొక్కాను. ఇదంతా తెలుగులోనే ఆయన మొహాన అనేశాను. ఆయనకి మాటలు అర్థం కాలేదు గానీ కోపం అర్థమైంది. గడ్డిలో కూర్చున్నాడు. ఈసారి మెల్లగా, మావారిని చూస్తూ చెప్పాడు. ఇక్కడ ఒకరికి చేసింది అందరికీ చెయ్యాలట. ఒక్క రాయికే సున్నం వేస్తే, అటూ ఇటూ ఉన్నవాళ్ళు చుట్టాల్లేనివాళ్ళలా కనబడతారట. వాళ్ళ అమ్మలు ఇంత దూరం రాలేరు గదా అన్నాడట.

చుట్టాల్లేనివాళ్ళు అన్న మాట నాకు సూటిగా తగిలింది. సున్నం లేని సమాధి దిక్కులేని సమాధి అన్న లెక్క మాదే. దాన్ని ఈయన తిప్పి నాకే అప్పజెప్పాడు. పందొమ్మిదేళ్ళ ఆ కుర్రాడి రాయి వంక చూశాను. కుంచె బాల్చీలో పెట్టేశాను. అయినా ఈ డబ్బాడు సున్నంతో వెనక్కి వెళ్ళి, అమ్మకి ఏ మొహంతో ఉత్తరం రాయడం?

అమ్మ చెప్పిన రెండో మాట అప్పుడు గుర్తొచ్చింది. వానాకాలం ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా అని అడగమన్నాను. ఆయన లేచి మమ్మల్ని ఆ చివరి దాకా తీసుకెళ్ళి కాలవలు చూపించాడు. ఇంత వాన దేశంలోనూ చినుకు ఆగితే చాలు, నీళ్ళు దిగిపోతాయన్నాడు. నేను చెప్పులు విడిచి, అన్నయ్య చుట్టూ మడమతో అదిమి అదిమి తిరిగాను. గట్టి నేల. మెరక నేల. మా వంశంలో పోయినవాళ్ళెవరికీ ఇంత మెరక దొరకలేదు.

ఒట్టి కాళ్ళతో తిరుగుతున్న నన్ను కావలాయన కాసేపు చూశాడు. ఎందుకని మావారిని అడిగాడు. మావారు, ఆ నెమ్మదస్తులు, ఆ రోజు నోరు విప్పారు. కొల్లేరు గురించీ, మునిగే సమాధుల గురించీ, అత్తగారు గుల్లలు ఏరి కాల్చడం గురించీ, తన హమాలీ హిందుస్తానీలో, చేతులతో, చివరికి తెలుగులో, చెప్పారు. కావలాయన డబ్బా దగ్గరికి వెళ్ళి సున్నం రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తరవాత మమ్మల్ని రమ్మని సైగ చేసి గేటు వైపు నడిచాడు.

గేటు నుంచి దారి పొడవునా రెండు అంచులా ఇటుకలు ఏటవాలుగా పాతి ఉన్నాయి. పటాలంవాళ్ళకి ఇటుక కనబడితే సున్నం వెయ్యకుండా ఉండలేరట. వానలకి అది వెలిసిపోయింది. వచ్చే వారం ఎలాగూ వెయ్యాలి. దిమ్మలు వదిలేసి, ఇవి మీరు వేసుకోండి అన్నాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మేం అడగకుండానే పెట్టాడాయన.

దిబ్బరొట్టె ముగ్గురం తిన్నాం. ఆ తరవాత నడుం వంచాం. నాకున్నది ఒక్క కుంచె. మావారికి కావలాయన తన కుంచె ఇచ్చాడు. ఇటు అంచు నేనూ, అటు అంచు మావారూ. డబ్బా అడుగు కనబడేదాకా వేశాం. గేటులోంచి లోపలికి అడుగుపెట్టేవాళ్ళు ఇంగ్లీషు కెప్టెను తల్లయినా, ఇంకెవరయినా, ముందు మా అమ్మ సున్నం చూసి గానీ తమవాళ్ళ దగ్గరికి పోలేరు. అది తలుచుకుంటే నడుం నొప్పి కూడా తెలియలేదు. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఎండలో ఆ దారి కళ్ళు చెదిరేటట్టుంది. నీలిమందు లేదు, ఏమీ లేదు, ఒట్టి కొల్లేటి గుల్ల. తిరుగు దారిలో ఊరి దీపాలు కనబడుతుండగా మావారు, వచ్చే ఏడు రెండు డబ్బాలు తెప్పించాలన్నారు.

నేను రాసిన ఉత్తరం మా ఊరి పాస్టరుగారు గుడిలో అందరి ముందూ చదివారట. మళ్ళీ చదవమని అమ్మ అక్కడే అడిగిందట. మేం సెలవు మీద వచ్చేసరికి, ఆ సంగతి మాకంటే బాగా మా పల్లెలో చిన్నపిల్లలు చెబుతున్నారు. అయినా అమ్మ నన్ను కూర్చోబెట్టి, నేల ఎంత మెరకో, ఏ రాయి పక్కన ఏ రాయి ఉందో అంతా మళ్ళీ చెప్పించుకుంది. దిమ్మకి వెయ్యనివ్వలేదని చెప్పేటప్పుడు నేను తల వంచుకున్నాను. అమ్మ మాత్రం తల పైకెత్తి, వాడికేం, వాడిది రాయి, మనలాగా ఇటుకా మట్టీ కాదు అంది.

అప్పుడు సమాధుల పండుగ రోజులే. ఆ ఏడు కొల్లేరు ఉబికి, అప్పుడప్పుడే తీసింది. శ్మశానమంతా బురద. నాన్న సమాధి కడిగి సున్నం వేశాం. ఇక అన్నయ్య బెంగ తీరింది కదా, ఈ ఏటితో ఆ పరదేశి సంగతి అయిపోయిందనుకుని నేను చేతులు కడుక్కోబోయాను. అమ్మ సున్నం కుండ ఎత్తుకుని ఆ మూలకే నడుస్తోంది.

"ఇంకా దానికెందుకమ్మా? అన్నయ్యకి అక్కడ బాగానే జరుగుతోంది కదా" అన్నాను.

అమ్మ బురదలో ఆగి నా వైపు తిరిగింది.

"అందుకేనే. అక్కడ వాణ్ణి ఎవరి బిడ్డో అనకుండా ఆయనెవరో చూసుకుంటన్నాడు. ఇక్కడ వీణ్ణి నేను చూసుకోవద్దా? వీడి తల్లి ఏ ఊళ్ళో ఉందో. మెరకా పల్లమా అని ఆవిడా ఎవర్నో అడుగుతా ఉంటది."

నేను చెప్పులు గట్టున విడిచి, కుంచె అందుకున్నాను. మావారిని నీళ్ళు తెమ్మందామని తిరిగి చూస్తే, ఆయన అప్పటికే బాల్చీ పట్టుకుని కాలవ వైపు వెళుతున్నారు.